కప్పుతో పాటు ఇచ్చిన కుక్కర్

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి, రెండు నిమిషాలు కూర్చుని నా మాట వినండి. పన్నెండింటికి ఈ ఫైలు ప్రెస్సుకి వెళ్లిపోవాలి. ఇప్పుడు పదకొండూ నలభై అయిదు. నాకేమో చేతులు ఆడటం లేదు.

నేను ఫుట్‌బాల్ సంఘం ఆఫీసులో పనిచేస్తాను. ఆడవాళ్ల జాతీయ కప్పు మొదలై పాతికేళ్లయిందని దాని చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు, రాసింది నేనే. ఆ పని నాకు అప్పజెప్పిన రోజు గాల్లో తేలిపోయాను. బీరువా అడుగున బూజు పట్టిన స్కోరు షీట్లన్నీ దులిపి, తుమ్ముకుంటూ చదివాను. మొదటి ఏడాది ఆరే జట్లట. బడి మైదానంలో ఆడించారట. ఆడవాళ్లు అలిసిపోతారని ఆటలో ఒక్కో సగం నలభై అయిదుకి బదులు ముప్పై నిమిషాలేనట. మగవాళ్ల ఆటకి అడ్డం రాకూడదని ఆ కాస్త ఆటనీ మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టారు, అప్పుడు మాత్రం అలసట గుర్తుకు రాలేదు కాబోలు! రెండో ఏడాది గెలిచినవాళ్లకి కప్పుతో పాటు తలా ఒక ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు.

మొన్న ఆదివారం వంటింట్లో ఆ పేజీ పైకి చదివి పడీపడీ నవ్వాను. పక్కన అక్క కూరగాయలు తరుగుతోంది. అక్క అంటే నా తోటికోడలు, మా బావగారి భార్య. నేను ఈ ఇంటికి వచ్చి రెండేళ్లు. పొద్దున్నే నా అన్నం డబ్బా సర్దేది ఆవిడే, చరిత్ర రాయాలంటూ నేను పరిగెడితే నా వంతు గిన్నెలు తోమేదీ ఆవిడే.

"ఎందుకే ఆ నవ్వు? రెండేళ్లుగా నువ్వు తినే అన్నం అందులోదే," అంది తరగడం ఆపకుండా.

పొయ్యి మీద కుక్కర్ కూత వేసింది. అక్క దాన్ని దించి, ఆవిరి పోయాక మూత నా ముందు పెట్టింది. పిడి మూడుసార్లు మార్చారు గానీ చెక్కిన అక్షరాలు పోలేదు. జాతీయ మహిళా కప్పు, విజేతలు, కింద ఆ ఏడాది.

ఈ పాతికేళ్లలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ల పట్టిక తెచ్చాను. మొదటి వరుసలో ఎవరో ఒకావిడ, పద్నాలుగు గోల్స్. అక్క తడివేలు నాలుగో వరుస మీద పెట్టింది, పదకొండు. తర్వాత ఏడో వరుస మీద, తొమ్మిది. "ఇది మా నాన్న ఇంటిపేరు. ఇది మీ బావగారిది. పెళ్లయ్యాక కూడా రెండేళ్లు ఆడానుగా."

రెండు వరుసల్లోనూ పేరు ఒక్కటే, ఇంటిపేర్లే వేరు. టైపు చేస్తున్నప్పుడు చూశాను కూడా, ఎవరో ఇద్దరులే అనుకున్నాను. అప్పటి ఆటగాళ్లలో ఒక్కరికి ఫోన్ చేసి ఉంటే తెలిసేది, చేయలేదు. పైగా ఆ రెండో ఇంటిపేరు నేను రోజూ సంతకం పెట్టేదే. ఇంట్లో అందరూ ముద్దుపేరుతో పిలిచే మనిషికి అసలు పేరేమిటో ఈ రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

బావగారు కాఫీ కోసం వచ్చి, "ఏంటీ, పాత పురాణమా? అప్పట్లో ఏదో సరదాకి తన్నేదిలే. ఓసారి సెమీఫైనల్ వదిలేసి మా చుట్టాలు పద్దెనిమిది మందికి వండిపెట్టింది చూడు, అదీ గొప్ప!" అన్నారు. ఆ తర్వాత అక్క మళ్లీ ఆడలేదట. మా ఆయన అందుకున్నాడు. "వదినా గోల్సా? రోడ్డు దాటాలంటేనే నా చెయ్యి పట్టుకుంటుంది!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సోమవారం మా సార్‌కి చెప్పాను. "శనివారం ఫైనల్లో ఆ మొదటి వరుస ఆవిడకి సన్మానం. పిలుపు వెళ్లిపోయింది. ఇప్పుడు కాదంటే మన పరువేం కాను? అయినా ఇద్దరూ ఒకరేననడానికి నీకున్న సాక్షి కుక్కరేగా!" అని నవ్వేశారు.

నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ అక్క కూడా అదే మాట. "వదిలేయవే. ఆవిడ నాకు తెలుసు. నా మోకాలు చీరుకుంటే అవతలి జట్టయినా తన మేజోడు విప్పి కట్టింది. సన్మానానికని ఈపాటికి కొత్త చెప్పులు కొనుక్కుని ఉంటుంది, పాపం."

సరేనన్నాను. కాసేపటికి, చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని, "ఇంతకీ పదకొండూ తొమ్మిదీ ఎంతే?" అంది.

"ఇరవై అక్కా."

"ఇరవయ్యా? నేనెప్పుడూ కూడలేదు."

ఇప్పుడు ఆ రెండు వరుసలూ నా ఎదురుగా తెర మీద ఉన్నాయి. కలిపేస్తే ఒకటై పట్టిక పైకి ఎక్కుతాయి, కొత్త చెప్పులావిడ కిందికి దిగుతుంది. సార్ వద్దన్నారు, అక్క వద్దంది. పక్కన నా డబ్బా ఇంకా గోరువెచ్చగానే ఉంది. పది నిమిషాలే ఉంది, చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?