భ్రమరాంబగారి ట్రైనింగ్

"మా స్టాఫ్‌కి ఫిట్స్ అంటే భయమండీ, భ్రమరాంబగారూ. ఏం చెయ్యాలో వాళ్ళకి మీరే నేర్పండి. సాయంత్రానికి వాళ్ళు సరేనంటే పాపని చేర్చుకుంటాను," అన్నారు సమ్మర్ క్యాంపు నడిపే భీమేశ్వరరావుగారు.

అది తొంభై తొమ్మిది మే నెల. మా నీహారికకి తొమ్మిదేళ్ళు. క్లాసులో రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడిపోయిందని పాత బడివాళ్ళు టి.సి. చేతిలో పెట్టారు. హైటెక్ సిటీ పక్కన కొత్తగా పెట్టిన బడివాళ్ళు మాత్రం, పిల్లల మధ్య పదిహేను రోజులు ఉండగలిగిందని ఏ క్యాంపు నుంచైనా కాగితం తెస్తే చూస్తామన్నారు. అప్పటికే మూడు క్యాంపులవాళ్ళు కాదన్నారు. ఇదీ పోతే నా పిల్లకి ఇక చదువు లేదు.

అందుకే శేరిలింగంపల్లిలో, క్యాంపు కోసం అద్దెకు తీసుకున్న హాల్లో, ఆరుగురు స్టాఫ్ ముందు నిలబడ్డాను. దూరంగా బండలు పేలుస్తుంటే కిటికీలు దడదడలాడుతున్నాయి. నేను టీచర్ని కాను. డాక్టరు చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకున్న తల్లిని, అంతే.

"కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి. పక్కకు తిప్పి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చేతిలో తాళాలు మాత్రం పెట్టకండి."

ఆటల మాస్టరు స్వామి నవ్వాడు. "మా ఊర్ల అందరు తాళాలే పెడ్తరు మేడం. ఇనుము పట్టుకుంటే తగ్గుతది గద."

"చదువుకున్నవాళ్ళేనా మీరు?" అని విరుచుకుపడ్డాను. బతిమాలుకోవడానికి వచ్చినదాన్నన్న సంగతే మరిచిపోయాను. నా నోరు ఎప్పుడూ ఇంతే.

మూడింటికి, మూల కూర్చుని బొమ్మలు వేసుకుంటున్న నీహారిక కుర్చీలోంచి జారి పడిపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఈ ఒక్కరోజు ఆగలేకపోయావా తల్లీ అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. చేతిసంచీ కుమ్మరించి, ఇంటి తాళాలగుత్తి తీసి, పిల్ల పిడికిట్లో కుక్కుతున్నాను. రెండో చేత్తో దాని భుజాన్ని నేలకేసి అదుముతున్నాను.

"మేడం, ఇడువుండ్రి! మీరే చెప్పిన్రు గద!" అంటూ నన్ను భుజాలు పట్టి వెనక్కి లాగింది రజిత. గోపన్‌పల్లి నుంచి వచ్చే డిగ్రీ పిల్ల, స్టాఫ్‌లో అందరికన్నా చిన్నది. స్వామి నీహారికను పక్కకు తిప్పి, తలకింద తన తువ్వాలు పెట్టాడు. గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెట్టాడు. లెక్క తప్పలేదు. మూడున్నర నిమిషాలకి తగ్గింది.

ఇక పిల్లని చేర్చుకోరు, అంతా అయిపోయిందనుకున్నాను. గోల విని లోపలికి వచ్చిన భీమేశ్వరరావుగారికి సిగ్గు విడిచి రెండు చేతులూ జోడించాను. "ఒక్క వారం చూడండి. నేను రోజంతా పక్కనే కూచుంటాను. దాన్ని అస్సలు వదలను."

ఆయన స్టాఫ్ వైపు చూశారు. రజిత తలొంచుకుని చెప్పింది.

"పాపను పంపుండ్రి మేడం, మేం చూసుకుంటం. మీరు మాత్రం లోపటికి రావొద్దు. గేటుకాడ దింపి ఇంటికి పోవాలె."

కోపంతో నోరు తెరిచాను. నేల మీద పడున్న తాళాలగుత్తి కనబడింది, తీసి సంచీలో వేసుకున్నాను. జబ్బు బయటపడిన ఈ మూడేళ్ళూ, బడి జరిగినంతసేపూ ఆ బడి ముందే కూచున్నదాన్ని నేను.

నీహారిక కళ్ళు తెరిచి మత్తుగా అడిగింది. "అమ్మా, వీళ్ళు కూడా వద్దన్నారా?"

"లేదమ్మా, నిన్ను రమ్మన్నారు," అన్నాను. వద్దన్నది నన్నని చెప్పలేకపోయాను.