తాళం ఎవరి దగ్గరుంది

నేను చూశాను. ఎవరో చెప్తే విన్నది కాదు. మగవాళ్ల వార్డులో ఆయాని నేను. పొద్దున పదకొండు గంటలకి వంగి నేల తుడుస్తున్నాను. సెలైన్ కట్టే ఇనప స్టాండు ఒకటి గాలిలోకి లేచింది. అది మా పిచ్చుక దవడ మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

పిచ్చుకంటే మా వార్డు నర్సు. సన్నటి పిల్ల. మంచం నుంచి మంచానికి ఎగిరినట్టు నడుస్తుందని ఆ పేరు పెట్టాం. అప్పటికి ఆమె డ్యూటీ ఎక్కి ముప్పై గంటలైంది. ఆమెని దించాల్సిన నర్సు జ్వరంతో పక్క వార్డులోనే మంచమెక్కింది. అరవై మంది రోగులకి ఈ పిల్ల ఒక్కతే. మా ఆస్పత్రిలో అందరం నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాం, గుర్రాల్లాగా. దొడ్డికి వెళ్లే తీరిక దొరకదని నీళ్లు తాగడం మానేశాం.

ఆ పొద్దున పదిహేడో మంచం మీదున్న మనిషికి ఆక్సిజన్ అయిపోయింది. సిమెంటు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిన కూలీ. పక్కన అతని పెళ్లాం, తమ్ముడు ఉన్నారు. తమ్ముడు తాపీమేస్త్రి. పిచ్చుక ఆక్సిజన్ గదికి పరిగెత్తింది. గదికి తాళం. ఏడాది కిందటే ఆ గదిని ఒక కాంట్రాక్టరుకి అప్పజెప్పారు. తాళంచెవి ఎప్పుడూ అతని గుమాస్తా మొలలోనే ఉంటుంది. ఆ గుమాస్తా ఎక్కడా కనపడలేదు. పిచ్చుక ఒట్టి చేతుల్తో తిరిగొచ్చేసరికి మనిషి పోయాడు.

"మా అన్న గిలగిల్లాడుతుంటే ఎక్కడ తిరుగుతున్నావే!" అని మేస్త్రి స్టాండు ఎత్తాడు. ఆమె జవాబు చెప్పేలోపే కొట్టాడు. పడిపోయాక మళ్లీ కొట్టాడు. మూడోసారి నేను అడ్డం పడితే నా భుజం మీద తగిలింది. పిచ్చుక నోట్లోంచి పళ్లు నేను అప్పుడే తుడిచిన నేల మీద రాలాయి.

మధ్యాహ్నానికి బట్టలుతికే గదిలో అందరం చేరాం. నర్సులు, ఆయాలు, వార్డుబాయ్‌లు. రక్తం మరకల దుప్పట్ల గుట్టల మధ్య నిలబడి ఒకటే అరుపులు.

"ఆ మేస్త్రిగాణ్ణి మనకి అప్పగించాలి!"

"చేతులు నరికెయ్యాలి!"

ఆ అరుపుల్లో నా గొంతు అందరికంటే పెద్దది. అబద్ధం ఎందుకాడాలి?

సూపరింటెండెంటు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలి వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "వాడు లాకప్పులో ఉన్నాడు. రేపట్నుంచి వార్డుకి ఒక గార్డుని పెడుతున్నాం, చేతిలో లాఠీతో. సరేనా?" అన్నాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. "ఇక ఆ నర్సు సంగతి. రోగిని వదిలేసి వార్డు బయటికి పోయింది. నిర్లక్ష్యం కింద సస్పెండ్ చేశాం" అని వెళ్లిపోయాడు. కొట్టిన చేతులు అట్లాగే ఆగిపోయాయి.

అప్పుడు నోరు విప్పింది పెద్దక్క. మా హెడ్ నర్సు. ముప్పై ఏళ్ల సర్వీసు, కాళ్ల నిండా ఉబ్బిన నరాలు.

"గార్డు వస్తే నీ డ్యూటీ ఎనిమిది గంటలవుతుందా? అరవై మందికి ఇంకో నర్సు వస్తుందా? ఆ గది తాళం ఊడుతుందా?"

"అయితే కొట్టినవాణ్ణి వదిలెయ్యమంటావా అక్కా?" అని నేను ఎదురు తిరిగాను.

స్ట్రెచరు తోసే బండిమామ అందుకున్నాడు. "వదలమని ఎవరన్నారే? అత్త మీద కోపం దుత్త మీద తీర్చాడు వాడు. ఆ దుత్త మన పిల్ల. మరి అత్త ఎక్కడుందో చూడొద్దా?" ఏడుపులో కూడా కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున పోలీసులు మేస్త్రిని మా దగ్గరికే తెచ్చి పడేశారు. చేతులకి బేడీలు. పక్కటెముకలు విరిగాయి. అరికాళ్లు వాచి గుమ్మడికాయల్లా ఉన్నాయి. దగ్గితే రక్తం. ఒక్క నర్సు కూడా కదల్లేదు. "చావనివ్వండి" అన్నాను నేను, అతనికి వినపడేట్టు.

పెద్దక్క చేతులు కడుక్కుని అతని చొక్కా కత్తిరించింది. కట్టు కట్టింది. ఆ తర్వాత బండిమామకి సైగ చేసింది. స్ట్రెచరు తిన్నగా తీసుకెళ్లి పిచ్చుక మంచం పక్కన ఆపారు. దవడలు తీగలతో బిగించి ఉన్నాయి, పిల్ల మాట్లాడలేదు. అతన్ని చూడగానే మంచం మీద వెనక్కి జరిగింది, గోడ తగిలేదాకా. కాసేపటికి సైగతో కాయితం అడిగింది. రెండు ముక్కలు రాసింది.

పెద్దక్క చదివింది. "గదికి తాళం వేసి ఉంది. బాదాను. నా చేతులు చూడు."

పిచ్చుక దుప్పట్లోంచి చేతులు బయటికి తీసింది. కణుపుల దగ్గర తోలు లేదు. తలుపు మీద బాది బాది మాంసం బయటపడింది. దవడ చూసుకున్న మేమెవరం ఆ చేతులు చూసుకోలేదు.

మేస్త్రి ఆ చేతుల వంకే చూస్తూ ఉండిపోయాడు. "గోడలు కట్టేవాణ్ణి తల్లీ. నా చేతులూ ఇట్లాగే పగుల్తాయి" అన్నాడు. తర్వాత బేడీల చేతులతో మొహం బాదుకున్నాడు. పెద్దక్క ఆపింది. "నీ మొహం బాదుకుంటే ఏమొస్తుంది?" అంది.

అతను తలెత్తాడు. "తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు.

అప్పటిదాకా ఆ ప్రశ్న మాలో ఎవరూ అంత గట్టిగా అడగలేదు.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి కదిలాం. సగం మంది మంచాల దగ్గరే ఉండాలని ముందే తీర్మానం చేసుకున్నాం. ఒక్క ఇంజెక్షనూ ఆగకూడదు. మిగతా సగం ఆక్సిజన్ గది ముందు నిలబడ్డాం. బండిమామ తన స్ట్రెచరు కడ్డీ ఒకటి ఊడదీసి తెచ్చాడు. "దీనికి ఎట్లాగూ మూడే చక్రాలు, ఒక కడ్డీ లేకపోతే అలుగుతుందా?" అంటూ తాళం మీద వేశాడు. నాలుగో దెబ్బకి తాళం ఊడి పడింది.

లోపల సిలిండర్లు. గోడ నుంచి గోడ దాకా, నిండుగా. ఒక్కోదాని మీదా కాంట్రాక్టరు సొంత నర్సింగ్‌హోం పేరున్న చీటీ. లారీ కోసం వరసలో పెట్టారు. పదిహేడో మంచం నుంచి ఆ గది నూట ఇరవై అడుగుల దూరం.

వార్డులకి మొయ్యడం మొదలుపెట్టాం. పదో సిలిండరు కదిలేసరికి గేటు దగ్గర పోలీసు వ్యాన్లు ఆగాయి. హెచ్చరిక లేదు, ఏమీ లేదు. దిగుతూనే కొట్టారు. తెల్లచీరల మీద లాఠీలు. పెద్దక్కని జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చారు. నా ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగింది. బండిమామ సిలిండరున్న స్ట్రెచరు వదల్లేదు. "అడ్డం లేవయ్యా, ఆడవాళ్ల వార్డులో ముసలమ్మకి ఊపిరి ఆగేట్టుంది!" అంటూనే తోస్తున్నాడు. వెనక నుంచి తల మీద కొట్టారు. మోకాళ్ల మీద కూలబడి కూడా తోశాడు. ఇంకో రెండు పడ్డాయి. అప్పుడు వదిలాడు. రోగుల చుట్టాలు వరండాల్లో నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ దిగలేదు.

దెబ్బలు తిన్నవాళ్లని దెబ్బలు తిన్నవాళ్లే మోసుకుని క్యాజువాల్టీకి చేర్చాం. అక్కడ డ్యూటీలో ఉన్నది ఒక చిన్న డాక్టరమ్మ. ఇంకా చదువు పూర్తి కాలేదు. బల్ల మీద బండిమామ చెవుల్లోంచి రక్తం కారుతుంటే ఆపడానికి చేతనైనంతా చేసింది. ఆగలేదు. మామ చూపు నిలిచిపోయింది.

సూపరింటెండెంటు, ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చారు. రిజిస్టరులో చావుకి కారణం రాయాలి.

"ర్యాంపు మీంచి జారిపడ్డాడు. రాయమ్మా" అన్నాడు సూపరింటెండెంటు. "నీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సింది నేనే. మీ నాన్న ఎంత కష్టపడి చదివిస్తున్నాడో గుర్తుంచుకో."

డాక్టరమ్మ మా వైపు చూసింది. రాయాల్సింది ఆమె చెయ్యి. రాసింది. పైకి చదువుతూ రాసింది. "తల మీద మూడు లాఠీ దెబ్బలు. కొట్టినవారు పోలీసులు."

ఇన్‌స్పెక్టరు ఆమెని చెంప మీద కొట్టాడు. కాయితం చించేశాడు.

పెద్దక్క నెత్తురోడుతున్న తలతో ముందుకొచ్చింది. "కొత్త పేజీ తియ్యమ్మా. ముందు మామది మళ్లీ రాయి. ఆ తర్వాత నాది రాయి. జుట్టు పట్టి మెట్ల మీద ఈడ్చారు."

"నాది రాయి. చెయ్యి విరగ్గొట్టారు" అన్నాను నేను.

నా వెనక వరస కట్టారు. ఎవరి దెబ్బ వాళ్లు గట్టిగా చెప్పారు. డాక్టరమ్మ వాచిన చెంపతో తల ఎత్తకుండా రాసింది. ఇన్‌స్పెక్టరు రిజిస్టరు లాక్కునేసరికి నాలుగు పేజీలు నిండాయి. పెద్దక్కకీ డాక్టరమ్మకీ బేడీలు వేసి జీపెక్కించారు.

జీపు గేటు దాకా వచ్చి ఆగింది. దారికి అడ్డంగా ఒక మనిషి కూర్చుని ఉంది. పదిహేడో మంచం మనిషి పెళ్లాం. మొగుణ్ణి సాగనంపి మరిదిని చూడ్డానికొచ్చి, వరండాలో నిలబడి అంతా చూసింది.

"లే ముందు!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"నా మొగుడి ఊపిరికి తాళం వేసినోడు లోపల కుర్చీలో కూర్చున్నాడు. తాళం పగలగొట్టినోళ్లని జీపెక్కించావా?" అంది. "ఎక్కించుకో. నా మీంచి పోనీ."

లాఠీ ఆమె వీపు మీద పడింది. ఆమె రెండు చేతులూ నేలకి ఆనించి గట్టిగా కూర్చుంది.

అప్పుడు వరండాలు కదిలాయి. మొన్న మమ్మల్ని బూతులు తిట్టిన ముసలాయన దిగాడు. కొడుకు సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని ఒక తల్లి దిగింది, వెనకే కొడుకు. కట్లతో కుంటుతూ రోగులే దిగారు. వార్డు కిటికీ దగ్గర బేడీల చేతులు ఊచలు పట్టుకుని మేస్త్రి అరుస్తున్నాడు, "లేవొద్దు వదినా! లేవొద్దు!" అని. దవడ బిగించిన పిచ్చుక అతని పక్కన నిలబడి కిటికీ ఊచల మీద గిన్నెతో బాదుతోంది.

నేను విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆ ఆడమనిషి పక్కన కూర్చున్నాను. నా పక్కన ఇంకొకరు కూర్చున్నారు. గేటు నిండిపోయింది.

జీపు డ్రైవరు ఇంజను ఆపలేదు. చక్రం నా మోకాలికి తగిలింది. మేమూ లేవలేదు.