పదకొండు అంగుళాల గుమ్మం

నా టేపు అబద్ధం చెప్పదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఊరికి నేను చేసే సేవ. చర్ల దారిలో ఉన్న మా ఊళ్ళో ఏ గుమ్మం ఎన్ని అంగుళాలో అడిగితే చెప్తాను, అడగకపోయినా చెప్తాను. అందుకే కాన్పులు చేసే నర్సమ్మ వనజ ఇంటి గుమ్మం ఇరుకవుతున్నదని మొట్టమొదట కనిపెట్టింది వడ్రంగి జంపయ్య, అంటే నేనే.

పోయిన వానకాలం మొదట్లో భీమయ్య భార్య శారదకు నొప్పులొస్తే మంచం మీద మోసుకుంటూ వాగు దాటించబోయారు. నడివాగులోనే కాన్పయింది. పక్కన నడుస్తున్న వనజ చేతుల్లోకి వచ్చిన బిడ్డ ఏడవలేదు. వనజను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదేమో, జవాబు చెప్పుకునేది. వారం తిరక్కుండా ముప్ఫై అంగుళాల గుమ్మం ఇరవై ఆరైంది. నెలకు పద్దెనిమిది. చలి మొదలయ్యేసరికి తొమ్మిది. వనజ లోపలే ఉండిపోయింది.

దీనికి ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. బియ్యం, కూరగాయలు కిటికీలోంచి అందించారు. ఆ కిటికీ ఎప్పుడూ పళ్ళెం పట్టేంతే. పొద్దున టీ కొట్టు దగ్గర, "ఎంతున్నది జంపన్నా?" అని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాళ్ళు. నేను గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి. ఒకసారి దర్వాజా మొత్తం ఊడబీకి చూశాను. తెల్లారేసరికి గోడే దగ్గరికి జరిగింది. గోడ నా పని కాదని చెప్పి మర్యాదగా వచ్చేశాను.

వనజ ఊరికే కూర్చోలేదు. రోజుకు బైబిల్లో పది అధ్యాయాలు చదివి, టీకాల రిజిస్టరు నింపినట్టు కాగితం మీద టిక్కులు పెట్టేది. టిక్కులు పెరిగాయి. గుమ్మం పెరగలేదు.

మా ఊళ్ళో పాలు పోసేదీ, ప్రార్థన కూటం నడిపేదీ సీతారావమ్మే. ఒకనాడు ఆమె కిటికీ దగ్గర ఆగింది.

"ఇయ్యాల ఏం చదివినవ్ బిడ్డా?"

"పది అధ్యాయాలమ్మా."

"అండ్ల ఏం గుర్తున్నది?"

వనజ కాగితం వైపు చూసింది.

"మా గేదెను చూసినవా? గబగబ మేసొస్తది. నీడకు పండుకొని నెమరేస్తెనే అది ఒంటబడ్తది. నువ్వేమో పొద్దంత మేస్తనే ఉన్నవ్. ఒక్క మాట పట్టుకో."

"ఏ మాటమ్మా?"

"నీకు గుచ్చుకున్నది."

వనజకు గుచ్చుకున్నది చిన్న మాట. నీకు తోడుగా ఉన్నానని దేవుడు అన్న మాట. "మరి ఆ రోజు నడివాగుల ఏడున్నడు?" అని అడిగేసింది.

సీతారావమ్మ పాలచెంబు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "నాకు తెల్వదు బిడ్డా. ఆయన్నే అడుగు. అది గూడ ప్రార్థనే."

అప్పటినుంచి వనజ ఆ ఒక్క మాటే నెమరేసింది. బియ్యం కడుగుతూ, ఇల్లు ఊడుస్తూ, కొన్నాళ్ళు ఏడుస్తూ, కొన్నాళ్ళు దేవుడితో పోట్లాడుతూ. ఒకనాడు గుమ్మం తొమ్మిదింబావుకు వచ్చింది. జీవితంలో మొదటిసారి నా టేపును అనుమానించాను. ఎండాకాలం దాటి మళ్ళీ వానలు ముదిరేసరికి పదకొండైంది. అక్కడే ఆగింది.

ఆ రోజు మధ్యాహ్నం భీమయ్య తడిసి ముద్దయి ఉరికొచ్చిండు.

"నర్సమ్మా! శారదకు నొప్పులొస్తున్నయ్. వాగు పొంగింది. అంబులెన్సు అవతల్నే ఆగింది!"

నేను టేపు పట్టాను. "పదకొండే. మనిషి పట్టాలంటె పదమూడన్న కావాలె."

"నీ టేపు తీస్కపోయి వాగుల పారెయ్!" అని నామీద ఎగిరిండు భీమయ్య.

లోపల్నుంచి వనజ అంది. "నేనొద్దు భీమయ్యా. ఇంకెవరినన్న చూడు."

"నిన్నే రమ్మంటున్నది. ఆ రోజు వాగుల నర్సమ్మ నా చెయ్యి ఇడ్వలేదు, ఆమెనే కావాలె అంటున్నది."

లోపల మెల్లగా ప్రార్థన వినిపించింది: "ప్రభువా, భయం పోలే. పొయ్యేదాక కూసుంటే అక్కడ ఆ బిడ్డ ఆగదు. భయంతోనే వస్తున్న. తోడుండు."

ముందు కాన్పుల సంచీ బయటికొచ్చింది. తర్వాత వనజ పక్కకు తిరిగింది. టేపు నా చేతిలోనే ఉంది, పదకొండు మీదే ఉంది. వనజ వచ్చేసింది. కొంగు కూడా ఎక్కడా పట్టుకోలేదు. సంచీ అందుకుని, ఏడాదిగా బయట నడవని కాళ్ళతో తూలుతూ భీమయ్య వెంట పోయింది.

పొద్దుగూకక ముందే బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. వాగు అవతల అంబులెన్సు డ్రైవరుకు కూడా వినపడిందట.

మర్నాడు కొలిస్తే గుమ్మం ఇరవై తొమ్మిది. ఒక అంగుళం తక్కువ. నేను ఉలి తీయబోతే, డ్యూటీకి బయల్దేరుతున్న వనజ ఆపింది.

"ఉండనియ్ జంపన్నా. భుజం తగిలినప్పుడల్ల ఆ మాట యాదికొస్తది."

ఆమె వెళ్ళాక, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ప్రార్థన చేద్దామని ఆ గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడ్డాను. తెరిచేసరికి నా చెయ్యి టేపు మీద ఉంది. ఆ పదకొండు అంగుళాల్లో ఆమె ఎట్లా పట్టిందో నాకిప్పటికీ తెలియదు. ప్రార్థన చేయడం కూడా ఇంకా రాలేదు.