ముత్యం నోట్లో పైకప్పు

మా క్వార్టర్ల వరుసకు సైరన్లు రెండు. ఒకటి గని మీద మోగుతుంది, షిఫ్టుకొకసారి. రెండోది నా పక్కింటి ముత్యం ముక్కులోంచి వచ్చేది, దానికి వేళాపాళా లేదు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తిని, నాలుగింటికి ఒరిగాడంటే గోడకు ఇవతల నా టీకప్పు సాసరులో చిందులేసేది.

గురక మోగుతున్నంతసేపూ ఎవరికీ ఫికరు లేదు. ఆగితేనే గుబులు. ఉన్నట్టుండి ఊపిరి నిలిచిపోయేది. గుమ్మంలో కూర్చున్న అతని భార్య అనసూర్య ఒక చింతగింజ తీసి గిన్నెలో వేసేది. అంతలో ముత్యం చెరువులో మునిగి తేలినవాడిలా గాలిని ఎగపీల్చి మళ్ళీ మొదలుపెట్టేవాడు. గంట తిరిగేసరికి గిన్నెలో ముప్పైకి పైగా గింజలు!

"గిన్ని గింజలు ఏం చేసుకుంటవ్ చెల్లె?" అని అడిగానొకసారి.

"ఈయన బతికుంటె అష్టాచెమ్మా ఆడుకుంటనన్నా" అంది, నవ్వకుండా.

ముత్యం పని గనిలో పైకప్పును చూడటం. ఇనుపకడ్డీతో కప్పును కొట్టి చెవి ఒగ్గుతాడు. ఖణేల్‌మంటే గట్టి. గుల్లగా పలికితే అందరూ వెనక్కి. పద్దెనిమిదేళ్ళలో ఆ చెవి తప్పు చెప్పలేదు. గనిలోకి దిగేవాళ్ళకు టోపీదీపాలు ఇచ్చే గదిలో నా డ్యూటీ. "ఇయ్యాల రూఫుకు ముత్యమేనా?" అని అడిగి మరీ దీపం అందుకునేవాళ్ళు ఎందరో.

అలాంటివాడు ఒకనాడు ఆ కప్పు కిందే, కడ్డీ పట్టుకుని నిలబడే కునికాడు. పై అధికారి చూశాడు. నిద్ర పట్టింది నిమిషం, ముద్ర పడింది కాగితం మీద. దవాఖానలో వేలికీ ఛాతీకీ వైర్లు తగిలించి పడుకోబెట్టి తేల్చారు: నిద్రలో గంటకు ముప్పై నాలుగుసార్లు శ్వాస ఆగుతోంది, పగటి కునుకు అందుకే. ఆరు నెలలు ఉపరితలం డ్యూటీ, ఆ తర్వాత మళ్ళీ పరీక్ష. అప్పటికీ తగ్గకపోతే ఇక ఎన్నడూ గని దిగేది లేదు.

"దిగకుంటె నేనెవన్ని అన్నా?" అన్నాడు ముత్యం. నాకు శ్లేష తట్టలేదు. అలా జరగడం నా జీవితంలో అరుదు.

గాలి ఊదే మిషను ఇచ్చారు. మూతికి తగిలించుకుంటే వారం తిరక్కుండానే నిద్రలో పీకి అవతల పారేశాడు. అప్పుడు పంపారు పళ్ళ డాక్టరు జూహీ గారి దగ్గరికి. తోడుగా అనసూర్య, తోకగా నేను. గురకకూ పళ్ళకూ సంబంధమేమిటో చూడకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

జూహీ గారు నోట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. "ముత్యమన్నా, మీ అంగిలి ఇరుకు. గోపురం లెక్క మీదికి పోయింది. అంగిలంటే నోటికి రూఫు, ముక్కుకు ఫ్లోరు. అది ఇరుకైతె ముక్కుకూ జాగ లేదు, నాలుకకూ జాగ లేదు. పడుకున్నప్పుడు నాలుక ఎనక్కి జారి గాలి తొవ్వ మూస్తుంది."

ముత్యం కుర్చీలోంచి లేచాడు. "ఊరందరి రూఫులు చూస్తి. నా రూఫే ఖరాబైందా మేడమ్?"

అంగీ ఇరుకైతే దర్జీ ఉంటాడు. అంగిలి ఇరుకైతే కూడా ఒకరుంటారని నాకు ఆ రోజే తెలిసింది.

"ఎడల్పు చేద్దాం" అంది ఆమె. "నడుమ చిన్న జాకీ పెడ్త, నాలుగు స్క్రూలతోని అంగిలి ఎముకకు బిగిస్త."

"రూఫ్ బోల్టులు!" అన్నాడు ముత్యం.

"మీ తాన గూడ పెడ్తరా?"

"వేలకు వేలు మేడమ్! ఎంత లోపలికి పోతయి మీయి?"

ఇక చూడాలి. ఆమె కాగితం మీద అంగిలి గీస్తే, అదే కాగితం వెనక అతను గని గీశాడు. బయట వరుసలో కూర్చున్నవాళ్ళ పంటినొప్పులు ఆ అరగంటా మా మీదికి మళ్ళాయి.

చివరికి ఆమె గంభీరంగా చెప్పింది. "అందరికీ పనిచేసే ఇలాజు కాదిది. పిల్లలకైతె ఎముక నడుమకు జల్ది విచ్చుకుంటది. మీకు ముప్పై ఎనిమిదేండ్లు. పై వరుస ముందరి పండ్ల నడుమ సందు వచ్చిందంటె, విచ్చుకున్నట్టు. చూసి భయపడొద్దు. ఆ సందు తర్వాత తీగలేసి కలుపుత."

జాకీని రోజుకొకసారి బుల్లి తాళంచెవితో తిప్పాలి. ఆ పని అనసూర్యది. "ఇంట్ల తాళాలన్నీ నాయే. మొగని నోటి తాళం ఒక్కటే తక్కువుండె" అని తాళంచెవిని కొంగుకు ముడేసుకుంది.

గనిలో కప్పు ఎంత కదిలిందో కొలిచి రోజూ సుద్దతో రాసిపెట్టడం ముత్యానికి అలవాటు. ఇంట్లోనూ మొదలుపెట్టాడు. వంటింటి గోడ మీద తేదీలు, పక్కన కొలతలు: "దారం దూరింది." "పోస్టుకార్డు దూరింది." పదిహేనో రోజున: "అగ్గిపుల్ల." ఆ తర్వాత గోడ ఖాళీ. కొలత విసుగొచ్చి మానేశాడనుకున్నాను.

అయిదు వారాలకు మళ్ళీ వెళ్ళాం. జూహీ గారు చూసింది, కొలిచింది, ముఖం ముడిచింది. "ఉండాల్సినంత సందు లేదు. రోజు తిప్పుతున్నరా అనసూర్యక్కా?"

"ఒట్టు మేడమ్! పొద్దుగాల చాయ్ కంటె ముందు అదే పని."

ఆమె భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది. "మరి జాకీ పదిహేను రోజుల కాడనే ఉందేంది?"

ముగ్గురమూ ముత్యాన్ని చూశాం. ముత్యం నేలను చూశాడు.

"రూఫుల పగులు కనవడితె ఏం చెయ్యాలె మేడమ్?" అన్నాడు మెల్లగా. "ఎంట్రుకంత పగులుకే మందినందరినీ ఎనక్కి పంపినోన్ని. గీడ అగ్గిపుల్ల దూరవట్టె. భయపడొద్దని మీరు చెప్పిండ్రు, ఇన్న. కాని చెయ్యి ఆగలే. జాకీతోని ఇచ్చిన పెట్టెల ఇంకో తాళంచెవి ఉండె. డ్యూటీల అద్దం ముందర పెట్టుకొని రోజు ఎనక్కి తిప్పిన."

"నేను ముందుకు తిప్పుడు, నువ్వు ఎనక్కి తిప్పుడు!" అనసూర్య లేచింది. "నీది నోరా, పిండి గిర్నీనా?"

పళ్ళకూ పగుళ్ళకూ తేడా ఒక్క 'గు'. ఆ 'గు' గుబులుదని నాకు తెలుసు. మూడు వారాలు పోయాయి. పరీక్షకు నాలుగు నెలలే మిగిలాయి.

జూహీ గారు కోప్పడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ముత్యమన్నా, గనిల ఏ పగులైనా పరేషానేనా? మంచి పగులు ఒక్కటి గూడ ఉండదా?"

ముత్యం తల ఎత్తాడు. "ఉంటది. గోఫుల."

"గోఫంటె?"

"బొగ్గంత తీసుకొని మనం ఎనక్కి వచ్చినంక మిగిలే ఖాళీ జాగ. ఆడ రూఫు పగలాలె, కూలాలె. పగుల్తున్న సప్పుడు ఇనవడితె మాకు పానం నిమ్మలం. సప్పుడు చెయ్యకుంట బిగవట్టి నిలవడ్డదనుకో, గప్పుడు భయం. బరువంత కూడవెట్టుకొని ఒక్కసారే మీద వడ్తది. పగలకపోతెనే..."

నాలుకతో తన అంగిలిని ఒకసారి తడుముకున్నాడు, కడ్డీతో కప్పును తట్టినట్టే.

"పగలకపోతెనే డేంజర్" అన్నాడు తనకు తానే. భార్య వైపు చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య. నేనే తిప్పుత. నీ దగ్గరున్నది గూడ ఇటు తియ్యి."

ఈసారి గోడ మీది కొలతలు ఆగలేదు. రెండగ్గిపుల్లలు దూరాయి. ముత్యాల వరుసలో సందు పడి, మాట్లాడితే ఈలొచ్చేది. "మూడో సైరన్ గూడ పెట్టినవా?" అని షిఫ్టు వాళ్ళు ఆటపట్టిస్తే, అగ్గిపుల్ల తీసి కొలిచి చూపించేవాడు. ఎముక ఎటు కదులుతుంది, ఖాళీలో ఏం పెరుగుతుంది, ముక్కులో గాలి ఎందుకు చల్లగా తగులుతోంది అని ప్రశ్నలు రాసుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాడు. సందు చాలిందన్నాక ఆమె తిప్పడం ఆపించి, తీగలు కట్టింది. బరువు కూడా కొంత తగ్గమంది, తగ్గాడు.

ఆరు నెలలకు మళ్ళీ వైర్లు, మళ్ళీ పరీక్ష. ముప్పై నాలుగు ఎనిమిదికి దిగింది. అంకె దిగింది గనుక మనిషి దిగొచ్చన్నారు.

ఆ సోమవారం మొదటి షిఫ్టుకు నా కిటికీ ముందు నిలబడ్డాడు. దీపం ఇచ్చాను. వెనకాల వరుసలోంచి ఎవరో అడిగారు, "ఇయ్యాల రూఫుకు ఎవరన్నా?"

"నేనే" అన్నాడు ముత్యం. ఇంకా కాస్త ఈల వచ్చింది.

సాయంత్రం నాలుగు దాటింది. నా టీకప్పు కదల్లేదు. అదే నన్ను కదిలించింది. లేచి వెళ్ళి చూస్తే అనసూర్య గుమ్మంలో లేదు. లోపల ముత్యం ముక్కు కింద వేలు పెట్టి నిలబడి ఉంది. నన్ను చూసి వేలు తీసి, బయటికి వచ్చి కూర్చుంది.

"సప్పుడు లేకపోతె పానం ఆగదన్నా" అంది. గిన్నెలోకి చూశాను. ఇప్పటిదాకా రెండే గింజలు.

"ఇంక గివెందుకు చెల్లె?"

ఆమె ఆ రెండింటినీ గడప మీద పెట్టి, రాయితో నిలువునా పగలగొట్టింది. అష్టాచెమ్మాకు కావలసిన నాలుగు బద్దలయ్యాయి. వాటిని అరచేతిలో గలగలమనిపించి, ముత్యం వంటింట్లో వదిలేసిన సుద్దముక్కతో అరుగు మీద గళ్ళు గీయడం మొదలుపెట్టింది.

"కూసో అన్నా. పంట నాదే."