అరవై ఏడు మార్కుల ఆందోళన

ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే మహీధర్‌కు తన అస్తిత్వ ఆందోళన మీద అపారమైన గౌరవం. దాన్ని కొలవడానికి ఇరవై ప్రశ్నలు తనే తయారు చేసుకున్నాడు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొదట తననే కొలుచుకున్నాడు. ఎనభైకి అరవై ఏడు వచ్చాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

డాక్టరేటు కోసం మిగతా జనాన్నీ కొలవాల్సి వచ్చింది. కాలేజీకి వెళ్లేముందు, షట్టర్లు లేచే వేళకు బట్టల అంగళ్లు తిరిగాడు. అప్పుడైతే బేరాలుండవు, తీరిగ్గా చెబుతారు. బతుక్కి అర్థం లేదనిపిస్తుందా అంటే లేదన్నారు. చావు గుర్తొచ్చి గుండె జారుతుందా అంటే రామరామ అని చెంపలేసుకున్నారు. జమ్మలమడుగులోనూ అంతే. అందరికీ సున్నాలే. జరీ అంచు తప్ప లోతు తెలియని మనుషులని మహీధర్ తేల్చేశాడు. అలా తేల్చడంలో ఒక సుఖముంది.

గైడు శేషయ్య ఉండేది పులివెందులలో. ఆయన కాగితాలు తిరగేసి, ఇంతమందికీ సున్నాలొచ్చాయంటే తప్పు కొలతలోనే ఉందన్నాడు. మళ్లీ అడిగి రమ్మన్నాడు. ఈసారీ ఇవే తెస్తే డాక్టరేటు మాట మరిచిపొమ్మన్నాడు.

మహీధర్ సెలవు పెట్టి, ఒక మధ్యాహ్నం జయలక్ష్మమ్మ చీరల అంగడికి వెళ్లాడు. భర్త పోయాక ఆమే నడుపుతోంది. అవే ప్రశ్నలకు ఈసారి అన్నిటికీ నాలుగేసుకోమంది. పోయినసారి ఏమీ లేదన్నారు కదా అని నిలదీశాడు.

"బోణీ కాకముందే వచ్చి సావు గురించి అడిగితే ఎవురు చెప్తారప్పా?" చీర మడత పెడుతూనే అంది. "మా ఆయప్ప పోయినాంక రోజూ షట్టర్ కాడ నిలబడి, దీన్ని ఎందుకెత్తాల అనుకుంటాండా. జవాబు రాదు. ఎత్తుతాండా."

కూడి చూస్తే ఎనభై.

"నువ్వూ రాసుకున్యావా? నీకెన్నొచ్చినాయి?"

చెప్పక తప్పలేదు.

"అరవై ఏడా? చిన్నోనివి కదప్పా. ఇంకా వస్తాయిలే."

వీధిలోకొచ్చి నిలబడ్డాడు. ఇలాగే మధ్యాహ్నాలు తిరిగితే నిజాలొస్తాయి, డాక్టరేటూ వస్తుంది. కానీ ఈ గల్లాపెట్టెల వెనక ఇంకెన్ని ఎనభైలు కూర్చున్నాయో. తన ఇరవై ప్రశ్నల్లో ఏ ఒక్కటీ జార్చని గుండె అప్పుడు నిజంగా జారింది.

జయలక్ష్మమ్మ కాగితం మీద 'ప్రశ్న అర్థం కాలేదు' అని రాసి పక్కన పెట్టేశాడు. మిగతా అంగళ్ల దగ్గరికి మర్నాడు పొద్దున్నే, షట్టర్లు లేవకముందే వెళ్లి నిలబడ్డాడు.