కాకి ముట్టని అన్నం

నా భార్య పుట్టమ్మ పోయి ఏడాది అయింది. ఆమెను చూసిన డాక్టరును నేను క్షమించలేదు. చావుకు రాని నా తమ్ముణ్ణీ క్షమించలేదు. తిథికి వాణ్ణి పిలవలేదు.

మా ఊరు అత్తిముగంలో మా ఇంటి పిట్టగోడ మీద ఆకులో అన్నం పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముట్టేదాకా మా ఇంట్లో ఎవరూ తినరు, గడప దాటరు. ఎండ నడినెత్తికి వచ్చింది. కాకి రాలేదు.

మా అమ్మాయి భువన మాటిమాటికీ ఫోనులో టైము చూస్తోంది. హోసూరులో ఒక ల్యాబులో దానికి ఉద్యోగం. పచ్చగా వెలిగే ప్రోటీన్‌ను తయారుచేయమని కణాలకు చెప్పే కబురు ఒకటుంది. ఎంఆర్ఎన్ఏ అంటారు. నిన్న దాన్ని కణాల్లోకి పంపి వచ్చింది. ఈ పూట వెళ్ళి ఫోటోలు తీయాలి, ఆలస్యమైతే వెలుగు తగ్గడం మొదలవుతుంది. ఇదివరకు రెండుసార్లు కణాలు చచ్చాయి. ఈసారీ చస్తే ఆ పని వేరేవాళ్ళకు ఇస్తారు.

"వాళ్ళమ్మకు కోపమొచ్చింది, అందుకే కాకి రాలేదు" అంది నా చెల్లెలు మంజులమ్మ. "ఈ పొద్దు గూడా దీనికి పనే గదన్నా."

భువన తల వంచుకుంది. వాళ్ళమ్మా అంతే, మాటపడి ఊరుకునేది.

వంటింట్లోకి పోయి డబ్బాలో అన్నం పెట్టుకుని, భువనను వెనక ఎక్కించుకుని టీవీఎస్ బండి తీశాను. చెల్లెలు వెనక నుంచి ఏదో అంది. వినలేదు.

కణాలెందుకు చచ్చాయని దారిలో అడిగాను. వచ్చింది బయటి కబురని కణాలు పసిగట్టి, గోలచేసి, అవే చస్తాయట. ఈసారి ఆ కబురులో ఒక అక్షరాన్ని వచ్చినచోటల్లా కొద్దిగా మార్చి పంపారట.

"చుట్టమొచ్చినాడనుకోని లోపలికి రానిస్తాయి నాయనా."

"మీ అత్తయితే చుట్టాన్ని గూడా రానీదు."

అది నా వీపుకు తల ఆనించి నవ్వింది. ఏడాదిగా దాని నవ్వు వినలేదు.

ల్యాబులో పెద్దామెను అడిగి నన్నూ లోపలికి తీసుకుపోయింది. చీకటి గదిలో మైక్రోస్కోప్ ముందు చాలాసేపు కదలకుండా కూర్చుంది. తరువాత లేచి నన్ను కూర్చోబెట్టింది.

నల్లమట్టిలో మొలకలెత్తినట్టు పచ్చటి చుక్కలు.

"ఇది ఎన్నాళ్ళుంటుంది?"

"కబురు రేపో ఎల్లుండో కరిగిపోతాది నాయనా. వెలుగు ఇంకా కొన్నాళ్ళుంటాది."

ఫోటోలు తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. డబ్బా మూత తీసి, ముద్ద కలిపి దాని చేతిలో పెట్టాను.

"కాకి ముట్టలేదు నాయనా."

"తినమ్మా. మీయమ్మ ఏ పొద్దన్నా నిన్ను పస్తు పెట్టిందా?"

అది తిన్నది. నేనూ తిన్నాను.

మంజులమ్మను మాత్రం క్షమించను.