ఎలీషబా చీర

మంచం పట్టెకు వీపు ఆనించి కూర్చుని యోసేపు పాత నీలం చీరను వెనక్కి విసిరాడు. మంచం మీదున్న ఫెబీ ఆయన వీపుకు ఆనుకుని, దాన్ని తన కిందుగా సర్దుకుని, ఒక కొసను నాయన భుజం మీదుగా, ఇంకో కొసను చంక కిందుగా ముందుకు అందించింది. ఆయన రెండింటినీ రొమ్ము మీద ముడి వేసి, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి లేచాడు. మార్కాపురంలోని ఆ ఇంట్లో తెల్లవారడం ఏళ్ళ తరబడి ఇట్లాగే.

ఫెబీకి ఇరవై రెండేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇంట్లో కూర్చుని పలకలకు చట్రాలు బిగించే చేతులు మాత్రం గట్టివి. నోరు ఇంకా గట్టిది.

"ఏంది నాయనా, లేవకముందే రొప్పుతున్నావు? దించు, కాసేపు కూర్చుందాం."

"బస్సు పోతాది. నోరు మూసుకోని గట్టిగా పట్టుకో."

రొప్పడానికి కారణం ఇద్దరికీ తెలుసు. యోసేపు వయసంతా పలకల కార్ఖానాలో రాయి కోశాడు. ఆ దుమ్ము రొమ్ములో చేరి కూర్చుంది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెబితే, "బరువేడుంది సార్, బిడ్డే గదా" అని లేచి వచ్చేశాడు.

ఈ పూట చర్చివాళ్ళు హైదరాబాదు పక్కనున్న పెద్ద పార్కుకు బస్సు కట్టించారు. సండేస్కూలు టీచరు రేచల్ ఫోనులో ఆ పార్కు రంగులరాట్నాన్ని చూపించిన నాటి నుంచీ ఫెబీకి అదే ధ్యాస. ఏటా ఊళ్ళోకి వచ్చే ఎగ్జిబిషన్‌లో రాట్నాన్ని ఆమె కిందినుంచే చూసింది. ఒక్కసారి పైనుంచి కిందికి చూడాలి, అంతే.

బస్సులో అందరూ పాటలు పాడుతుంటే యోసేపు కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో మడిచి పెట్టుకున్న చీరలోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. అది ఆయన భార్య ఎలీషబాది. ఆమె పోయి తొమ్మిదేళ్ళయినా, ఎన్నిసార్లు ఉతికినా, ఆ వాసన ఆయన ముక్కును వదల్లేదు. బిడ్డ నడుస్తుందని ఆమె గిద్దలూరు ఉపవాస కూటాల్లో మోకాళ్ళు కాయలు కాచేలా ప్రార్థించింది. జ్వరంతో పోతూ పోతూ మొగుడి చెయ్యి పట్టుకుని, "బిడ్డను దించొద్దయ్యా. దించితే నడవడానికే దించు" అంది.

అంతే, చక్రాల కుర్చీ ఎక్కిస్తే చనిపోయినదాని విశ్వాసాన్ని మట్టిలో కలిపినట్టేనని యోసేపు అనుకున్నాడు. వికలాంగుల క్యాంపులో ఇచ్చిన కుర్చీని రాచర్లలో ఒక ముసలాయనకు ఇచ్చేశాడు. "కుర్చీ కూడా దేవుడిచ్చిందే యోసేపూ" అని పాస్టరుగారు చెప్పి చూశారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. యోసేపుకు రాజ్యం లేదు గాని మొండితనం కావలసినంత ఉంది. పైగా ఆయనకు భయం. ఫెబీని ఎత్తుకుని ఎటు నడిచినా, ఒక అడుగు వెనకగా ఎలీషబా మెట్టెల చప్పుడు వినిపించేది. బిడ్డను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగినా ఆ చప్పుడు ఆగి, "దించినావా?" అని అడిగేది. ఆయన గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ ఎత్తుకునేవాడు.

పార్కు గేటు దగ్గర చక్రాల కుర్చీలు వరసగా ఉన్నాయి. "ఉచితమే, తీసుకోండి" అంది అక్కడి అమ్మాయి. యోసేపు తల అడ్డంగా ఊపి నడిచాడు. ఎండ, సిమెంటు బాట, వీపు మీద కూతురు, ఆ వెనక మెట్టెల చప్పుడు. ఫెబీ వెనక్కి తిరిగి ఆ కుర్చీలనే చూసింది.

రాట్నం దగ్గర మెట్ల ముందు కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మనిషిని మోసుకుంటూ మెట్లెక్కకూడదు పెద్దాయనా, పడితే ప్రమాదం. కుర్చీలో అయితే ఆ పక్క వాలుదారి ఉంది. మా అమ్మాయిలు పట్టుకుని కూర్చోబెడతారు."

"నా బిడ్డను మోసుకోని కొండలెక్కినా నాయనా. ఇదెంత?"

కుర్రాడు చెయ్యి దించలేదు. అప్పటికే రేచల్ కుర్చీ తోసుకుంటూ వచ్చి నిలబడింది. "మామా, ఒక్క గంట" అంది. యోసేపు కదల్లేదు. చెవి పక్కన ఫెబీ గొంతు మెల్లగా వినిపించింది.

"నాయనా, నీ వీపు మీదుంటే నేను యాడికి పోయినా నువ్వు పోయినట్టే. ఒక్కసారి నన్ను పోనీ."

ఈ మాట ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో పిచ్చితల్లి! ముడి విప్పబోతే బిగుసుకుపోయి రాలేదు. రేచల్ ఫెబీని పట్టుకోగా, వంగి, ముడితో సహా చీరను తలమీదుగా తీసేశాడు. వీపు ఒక్కసారిగా చల్లబడింది.

ఫెబీ చక్రాల మీద చేతులు వేసి తోసి చూసింది. కుర్చీ కదిలింది. మళ్ళీ తోసింది. రేచల్ సాయం పట్టబోతే, "నువ్వుండక్కా!" అని కసిరి, నవ్వుతూ వాలుదారి ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

యోసేపు నీడలో ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగుతోంది. రాట్నం కదిలింది. పైన ఎక్కడో ఒక చెయ్యి ఊగింది, ఫెబీదే. తనూ చెయ్యి ఎత్తబోయాడు, లేవలేదు. మెట్టెల చప్పుడు ఈసారి వెనక ఆగలేదు. ముందుకు వచ్చి పక్కన కూర్చుంది.

"దించినావా?"

"దించినా."

"నడిచిందా?"

యోసేపు రాట్నం వైపు చూశాడు.

"పోయిందే. ఎవురూ పట్టుకోకుండా, దానంతట అదే పోయింది."

కొబ్బరినూనె వాసన గుప్పున వచ్చింది. ఆయన తల మెల్లగా పక్కకు వాలింది.

రాట్నం ఆగింది. ఫెబీ చక్రాలు తోసుకుంటూ వాలుదారి దిగింది. "నాయనా, నువ్వు పైనుంచి ఇంతే కనపడ్డావు, చీమంత!" అని దూరం నుంచే అరిచింది. దగ్గరికొచ్చి మోకాలి మీద తట్టింది. మళ్ళీ తట్టింది. ఆ తర్వాత అరిచిన అరుపుకు రేచల్ పరుగెత్తుకొచ్చింది. జనం మూగారు.

ఆయన పక్కన బల్ల మీద నీలం చీర, వేసిన ముడి వేసినట్టే, ఒక మనిషి పట్టేంత ఖాళీతో పడి ఉంది.